ఐదడుగుల ఆరంగుళాల పోలీసు

లాలాపేటలో రోజు నాలుగున్నరకే మొదలవుతుంది. గల్లీల్లోని అద్దె గదుల్లోంచి కుర్రాళ్లు బూట్లు చేతబట్టుకుని మెట్లు దిగుతారు. మెట్ల మీద చప్పుడైతే ఇంటాయనకు కోపం. రోడ్డెక్కాక బూట్లు తొడుక్కుని, ఫ్లైఓవర్ ఎక్కి, రైలు పట్టాలు దాటి, తార్నాక చౌరస్తా మీంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి పరుగు తీస్తారు. ఆర్ట్స్ కాలేజి ముందర ఆగి ఒంగి మోకాళ్లు పట్టుకుంటారు. ఒకడు సెల్‌ఫోన్‌లో సెకన్లు చూసి చెప్తాడు. వీళ్లలో ఎక్కువ మంది మనవాళ్లే. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన మాల మాదిగల పిల్లలు, లంబాడ పిల్లలు, ముదిరాజు, గొల్ల, చాకలి పిల్లలు. డిగ్రీ అయిపోయింది, పీజీ సీటు వచ్చిందో రాలేదో, పోలీసు నోటిఫికేషన్ కోసం కాచుకుని ఉన్నారు.

ఈ గదులు దొరకడం కూడా ఒక పరీక్షే. ఇల్లు చూపించే ముందు "మీరేమిట్లు?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను రీసెర్చిలో చేరిన కొత్తలో తార్నాక చుట్టుపక్కల ఈ ప్రశ్నకు మూడుసార్లు జవాబు చెప్పి మూడు గదులు పోగొట్టుకున్నాను. నాలుగోసారి "మేము విద్యార్థులం" అన్నాను, గది దొరికింది. ఇదే ప్రశ్నను రేపు యూనిఫారం వేసుకున్నవాణ్ణి అడగరు కదా అన్నది ఈ పిల్లల మనసులో ఉన్న మాట. జీతం ఒక్కటే కారణం కాదు. అయితే జీతం చిన్న కారణమూ కాదు. 2020 పి.ఆర్.సి. ప్రకారం కానిస్టేబుల్ స్కేలు 24,280 దగ్గర, ఎస్సై స్కేలు 42,300 దగ్గర మొదలవుతుంది. కూలికి పోయే ఇంట్లో ఆ అంకెకు ఉన్న అర్థం వేరు.

పోలీసుకూ మనకూ ఉన్న పాత సంబంధం ఒకసారి గుర్తు చేసుకోవాలె. నిజాం కాలం తెలంగాణలో ఊరికి మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ ఉండేవాళ్లు. ఈ ఉద్యోగాలు వంశపారంపర్యం. తండ్రి తర్వాత కొడుకు. అంటే ఊళ్లో పోలీసు అధికారం అగ్రకుల ఇంటి ఆస్తి. పటేలు కబురు మోసేది, దౌరాకొచ్చిన అధికారుల సామాన్లు మోసేది, రాత్రి కావలి కాసేది మాత్రం కింది కులాలవాళ్లు, అదీ వెట్టికి. 1980ల మధ్యలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసేదాకా దాని నీడ పోలేదు. పోలీసు పనిలో మన శ్రమ ఎప్పటినుంచో ఉన్నది, లేనిది అధికారమే. అంబేద్కర్ ఈ సంగతి తొందరగా పట్టుకున్నాడు. 1928లో బహిష్కృత హితకారిణి సభ తరఫున సైమన్ కమిషన్‌కు ఇచ్చిన వినతిలో చదువుతో పాటు సైన్యంలో, పోలీసులో చేర్చుకోవాలన్న డిమాండు కూడా ఉంది. పోలీసు ఉద్యోగమంటే రాజ్యంలో వాటా అన్న దృష్టితో అడిగిందది.

సరే, ఇప్పుడు ఆ ఉద్యోగానికి దారి ఏమిటి?

లోపలికి పోవడానికి నాలుగు తలుపులున్నాయి. కానిస్టేబుల్, ఎస్సై, డి.ఎస్.పి., ఐ.పి.ఎస్. మధ్యలో ఉన్న హెడ్ కానిస్టేబుల్, ఏ.ఎస్.ఐ., సి.ఐ. పోస్టులు ప్రమోషన్ మీద వచ్చేవి, వాటికి నేరుగా పరీక్ష ఉండదు. మొదటి రెండు తలుపులు తెలంగాణలో పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు చేతిలో, మూడోది పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెట్టే గ్రూప్-1 చేతిలో, నాలుగోది ఢిల్లీలో యు.పి.ఎస్.సి. చేతిలో. ఏ తలుపు గుండా పోయారన్నదాన్ని బట్టి జీవితమంతా ఎవరికి సెల్యూట్ కొట్టాలో, ఎవరు మనకు కొడతారో తేలిపోతుంది. కానిస్టేబుల్‌గా చేరినవాడు ఎంత కష్టపడ్డా ఎస్సై అయ్యేసరికి తల నెరుస్తుంది. క్యాంపస్‌లో పెద్దవాళ్లు "కానిస్టేబుల్ కొట్టు, ఎస్సైకి చదువుతనే ఉండు" అని చెప్పేది అందుకే.

చదువు సంగతి. కానిస్టేబుల్‌కు ఇంటర్మీడియట్ పాసవ్వాలి. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు ఒక వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు: పదో తరగతి పాసై, ఇంటర్ రెండేళ్లూ చదివి అన్ని సబ్జెక్టుల పరీక్షలు రాసి ఉంటే చాలు, పాసవ్వకపోయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్‌లో లెక్కలో ఇంగ్లీషో తప్పి మేస్త్రీ పనికి పోతున్న తమ్ముళ్లు ఊళ్లల్లో ఎందరో ఉన్నారు. ఈ ఒక్క లైను వాళ్ల చెవిన పడితే బాగుండు. ఎస్సైకి ఏ డిగ్రీ అయినా సరే. గ్రూప్-1కూ, సివిల్స్‌కూ అంతే.

వయసు దగ్గర అసలు చిక్కు. రూల్ ప్రకారం కానిస్టేబుల్‌కు 18 నుంచి 22, ఎస్సైకి 21 నుంచి 25. ఎస్.సి., ఎస్.టి., బి.సి.లకు పైన అయిదేళ్లు. తెలంగాణ వచ్చిన తర్వాత పెద్ద నోటిఫికేషన్లు 2015 చివరలో, 2018లో, 2022లో వచ్చాయి. నాలుగేళ్లకొకసారి వచ్చే నోటిఫికేషన్‌కు నాలుగేళ్ల వయోపరిమితి పెడితే మనిషికి దక్కేది ఒకటో రెండో అవకాశాలు. 2022 ఏప్రిల్ 25న 16 వేల పైచిలుకు పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చినప్పుడు మొదట మూడేళ్లు, ఆందోళనల తర్వాత ఇంకో రెండేళ్లు సడలించారు. ఆ లెక్కన అప్పటికి ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థి కానిస్టేబుల్‌కు 32 ఏళ్ల దాకా, ఎస్సైకి 35 ఏళ్ల దాకా పోటీ పడగలిగాడు. అది ఆ ఒక్కసారికి ఇచ్చిన సడలింపు. నేనిక్కడ చెప్పే అంకెలన్నీ 2022 నోటిఫికేషన్‌వి. కొత్తది వచ్చినప్పుడు ప్రతి అంకెనూ మళ్లీ చదువుకోవాలె. కోచింగ్ సార్లు చెప్పింది విని ఊరుకోవద్దు.

ఇప్పుడు ఆ నోటిఫికేషన్‌లోనే జరిగిన ఒక విచిత్రం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి మెట్టు ప్రిలిమినరీ రాత పరీక్ష. 200 ప్రశ్నలు, మూడు గంటలు. ఇందులో క్వాలిఫై అయితేనే గ్రౌండ్‌కు పిలుస్తారు. అంతకుముందు, 2018లో, కటాఫ్ ఓ.సి.లకు 40 శాతం, బి.సి.లకు 35, ఎస్.సి., ఎస్.టి.లకు 30. అంటే 80, 70, 60 మార్కులు. 2022లో "అందరికీ 30 శాతమే" అన్నారు. వినడానికి ఎంత ఉదారంగా ఉంది! అందరికీ తగ్గించారని పత్రికలు రాశాయి. కానీ తీసివేత చేసి చూడండి. ఓ.సి.కి 80 నుంచి 60కి, ఇరవై మార్కులు తగ్గినాయి. బి.సి.కి పది తగ్గినాయి. ఎస్.సి., ఎస్.టి.లకు తగ్గింది సున్నా. పైగా ఆ ఏడు తప్పు జవాబుకు మార్కు కోత కూడా వచ్చింది, అయిదు తప్పులకు ఒక మార్కు చొప్పున. సమానత్వం పేరుతో అంతరాన్ని ఎట్లా చెరిపేస్తారో పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దీనిమీద ఉస్మానియాలో, జిల్లాల్లో విద్యార్థి సంఘాలు, దళిత గిరిజన సంఘాలు గొడవ చేశాయి. పరీక్షలు మాత్రం జరిగిపోయినాయి: ఎస్సైది ఆగస్టు 7న, కానిస్టేబుల్‌ది ఆగస్టు 28న. ఆ తర్వాత సెప్టెంబరులో ముఖ్యమంత్రి అసెంబ్లీలో మాట ఇచ్చాడు, అక్టోబరు మొదట్లో జి.ఓ. వచ్చింది. ఓ.సి.లకు 60, బి.సి.లకు 50, ఎస్.సి., ఎస్.టి.లకు 40 మార్కులు. నలభైకీ అరవైకీ మధ్య నిలబడిపోయిన పిల్లలు మళ్లీ బూట్లు వేసుకున్నారు. కటాఫ్ తగ్గితే 'మెరిట్' పోతుందని వాదించేవాళ్లు ఒక సంగతి దాస్తారు. ప్రిలిమినరీ మార్కులు చివరి లెక్కలో కలవవు. అది గేటు మాత్రమే. గేటు తెరిచినంత మాత్రాన లోపల ఎవరికీ కుర్చీ వేసి పెట్టరు.

రెండో మెట్టు కొలతలు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే తక్కువ మాట్లాడుకున్న విషయం ఇదే.

మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఆడవాళ్లకు 152.5. ఈ పాయింట్ ఆరు ఎక్కడినుంచి వచ్చింది? అంగుళాల్లోకి మార్చి చూస్తే తెలుస్తుంది. సరిగ్గా అయిదడుగుల ఆరంగుళాలు. ఆడవాళ్ల కొలత అయిదడుగులు. మొన్నమొన్నటిదాకా మగవాళ్లకు అడిగిన ఛాతి 86.3, అంటే ముప్ఫై నాలుగంగుళాలు. మగవాళ్లు విసరాల్సిన ఇనుప గుండు 7.26 కిలోలు, పదహారు పౌండ్లు. అంగుళాలు, పౌండ్లు పోయి తరాలు గడిచినా ఇంగ్లీషువాడి టేపు మాత్రం మన మెడ చుట్టూ ఉండిపోయింది. 2022లో ఛాతి కొలత తీసేశారు, ఆకాశం ఊడి పడలేదు.

మా పక్క గది తమ్ముడొకడు కొలతకు పోయివచ్చాడు. సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర కనిపిస్తే అడిగాను.

"ఎంతొచ్చింది తమ్మీ?"

"నూట అరవై ఏడున్నర అన్నా."

"మరి?"

"పాయింట్ ఆరు కావాలె గదా. మిషన్ అన్నా, మనిషైతే బతిమాలుకుందును."

ఒక్క మిల్లీమీటరు. వెంట్రుక మందం కంటే కొన్ని రెట్లు, అంతే. ఇట్లాంటి వాళ్లు ఎంతోమంది హైకోర్టుకు పోతే, సెంటీమీటరు లోపు తేడాతో పోయినవాళ్లకు 2023 ఫిబ్రవరిలో మళ్లీ కొలిచారు. కొలిచినవాళ్లలో కొందరు నెగ్గారు. అంటే మొదటి కొలత తప్పయినా కావచ్చు, పొద్దున కొలిస్తే ఒక ఎత్తు సాయంత్రం కొలిస్తే ఒక ఎత్తు వచ్చే వెన్నెముక స్వభావమైనా కావచ్చు. పడుకుని లేచినప్పుడు మనిషి కొంచెం పొడుగుంటాడు. నిలబడీ నడిచీ సాయంత్రానికి ఆ కొంచెం దిగుతుంది. రాత్రంతా బస్సులో నిలబడి వచ్చి క్యూలో నిలబడినవాడికి ఎంత దిగుతుందో ఎవరూ కొలిచి ఉండరు.

తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి పోయే దారిలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పరుగెత్తే పిల్లలు రోజూ ఆ గోడ పక్కనుంచే పోతారు. ఎత్తు ఒక్క తల్లిదండ్రుల నుంచే రాదు, చిన్నప్పుడు తిన్న తిండి నుంచి, తాగిన నీళ్ల నుంచి, పడ్డ జబ్బుల నుంచి కూడా వస్తుందని పోషకాహార శాస్త్రం ఎప్పటినుంచో చెప్తున్నది. దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఎస్.సి., ఎస్.టి.లలో మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ప్రతిసారీ చెప్తున్నాయి. అంటే తల్లి గర్భంలో ఉన్నప్పుడు, తర్వాత అంగన్‌వాడీలో ఉన్నప్పుడు దక్కని తిండి ఇరవై ఏళ్ల తర్వాత గ్రౌండ్‌లో మిల్లీమీటర్ల కింద లెక్కకొస్తుంది. ఏజెన్సీ గిరిజనులకు 160 చాలన్న సడలింపు ఉంది, మంచిదే. ఎస్.సి.లకు ఏ సడలింపూ లేదు.

ఇందులో తర్కం వెదికేవాళ్లకు ఇంకో రెండు అంకెలు చెప్తాను. ఐ.పి.ఎస్.కు మగవాళ్లకు కావలసిన ఎత్తు 165. అంటే కానిస్టేబుల్‌గా పనికిరాని పొట్టివాడు ఎస్.పి.గా పనికొస్తాడు! లాఠీ పట్టేవాడికే ఎత్తు కావాలి, హుకుం చేసేవాడికి అక్కర్లేదన్నమాట. రెండోది మా లాలాగూడ పట్టాల మీదే ఉంది. రైల్వే ప్రొటెక్షన్ ఫోర్సులో మగవాళ్లకు మామూలుగా 165, ఎస్.సి., ఎస్.టి.లకు 160. ఆడవాళ్లకు 157, ఎస్.సి., ఎస్.టి.లకు 152. కానిస్టేబుల్‌కు పదో తరగతి చాలు. రైలు పెట్టెలో దొంగను పట్టుకోవడానికి 160 సరిపోతే లాలాపేట రోడ్డు మీద పట్టుకోవడానికి 167.6 ఎందుకో బోర్డు వివరించాలి. కటాఫ్ మార్కుల మీద జరిగినంత గొడవ ఈ కొలత మీద ఎందుకు జరగదని నేను విద్యార్థి సంఘాల మిత్రులను అడిగితే, "పొట్టిగున్నమని రోడ్డెక్కి ఎట్ల చెప్పుకుంటమన్నా" అన్నారు. మార్కులు తక్కువొస్తే అన్యాయం అనగలం, ఒళ్లు తక్కువైతే సిగ్గుపడతాం. ఆ సిగ్గు మనది కానే కాదు.

మిగతా గ్రౌండ్ సంగతి త్వరగా చెప్పేయొచ్చు. మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, గుండు 6 మీటర్లు. ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. ఉమ్మడి రాష్ట్రంలో అయిదు కిలోమీటర్ల పరుగు ఉండేది, ఎండలో పరుగెత్తి పిల్లలు కుప్పకూలి చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. తెలంగాణ వచ్చాక దాన్ని తీసేశారు. నాట్లు వేసి, మూటలు మోసి పెరిగిన పిల్లలకు పరుగు పెద్ద భారం కాదు. గుండు దగ్గర మాత్రం తడబడతారు, అది బలం కంటే అలవాటుకు సంబంధించింది. ఊళ్లో స్కూల్లో గుండు ఎవరు చూశారు? క్యాంపస్ గ్రౌండులో సీనియర్లు భుజం ఎట్లా తిప్పాలో చూపిస్తే వారంలో పట్టుబడుతుంది.

ఆడపిల్లల గురించి ఒక మాట. సివిల్ పోస్టుల్లో మూడో వంతు వాళ్లవి. కానీ పొద్దున నాలుగున్నరకు లాలాపేట నుంచి క్యాంపస్ దాకా ఒంటరిగా పరుగెత్తగలిగే ఆడపిల్లలు ఎందరు? వాళ్లు ఆరు దాటి వెలుతురొచ్చాక, నలుగురైదుగురు కలిసి వస్తారు. లేడీస్ హాస్టల్లో ఉన్నవాళ్లకు నయం. బయట గదుల్లో ఉన్నవాళ్లకు ఇంటివాళ్ల అనుమానం, రోడ్డు మీద కూతలు రెండూ ఉన్నాయి. పోలీసు కావడానికి బయల్దేరిన పిల్లకు పోలీసు కాపలా అవసరమయ్యే పరిస్థితి.

మూడో మెట్టు తుది రాత పరీక్ష. కానిస్టేబుల్‌కు ఒకటే పేపరు, 200 ప్రశ్నలు. ఎస్సైకి నాలుగు: ఇంగ్లీషు, తెలుగు లేదా ఉర్దూ, అర్థమెటిక్-రీజనింగ్, జనరల్ స్టడీస్. మనవాళ్లను ముంచేది అర్థమెటిక్. చరిత్ర, పాలిటీ, తెలంగాణ ఉద్యమం అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తారు. కాలము-దూరము, లాభ-నష్టాలు అనంగానే చెమటలు పడతాయి. ఇది తెలివికి సంబంధించింది కాదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్కల సారు లేని బడికి సంబంధించింది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పిల్లలకూ ఊరి బడి పిల్లలకూ ఇక్కడే తేడా కనిపిస్తుంది. గురుకులాల సొసైటీకి 2012 నుంచి 2021 దాకా కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కూడా పోలీసు అధికారే కావడం గమనించాలి. ఆయన రాజకీయాల మీద ఎవరికి ఏ అభిప్రాయమున్నా, ఖాకీ వేసుకున్న దళితుడు రోజూ కళ్లముందు కనబడితే పిల్లల ఊహలు మారతాయన్నది నిజం. కోచింగ్ కొనలేనివాళ్లకు ఎస్.సి. స్టడీ సర్కిళ్లున్నాయి. సీట్లు తక్కువ, కానీ భోజనం, వసతి, పుస్తకాలతో నడిచే బ్యాచులు దొరికితే వదలొద్దు. లేనివాళ్లకు క్యాంపస్ లైబ్రరీ ఉంది, చెట్ల కింద నీడ ఉంది, ఒకరి పుస్తకం పదిమంది చదువుకునే అలవాటుంది.

రిజర్వేషన్ లెక్క కూడా మారింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది, 2004 నాటి చిన్నయ్య కేసు తీర్పు పోయింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్.సి.ల 15 శాతం మూడు గ్రూపులైంది: మొదటి గ్రూపుకు 1, రెండోదానికి 9, మూడోదానికి 5. మొత్తం 59 కులాలు. దండోరా మొదలై ముప్ఫై ఏళ్లు దాటినాక వచ్చిన ఫలితం ఇది. మాల మాదిగ మిత్రులు దీనిమీద క్యాంపస్‌లో ఇంకా వాదించుకుంటారు, వాదించుకోనీయండి. దరఖాస్తు చేసేవాళ్లు మాత్రం తమ కులం ఏ గ్రూపులో ఉందో చూసి, ఆ గ్రూపు రాసి ఉన్న సర్టిఫికెట్ ముందుగానే తెచ్చిపెట్టుకోవాలె. చివరి రోజున మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్ల అవస్థ నాకు తెలుసు.

పరీక్ష పాసైనవాణ్ణి కూడా బయట నిలబెట్టేది ఇంకొకటుంది: అటెస్టేషన్ ఫారం. నీమీద ఎప్పుడైనా కేసు నమోదయిందా, అరెస్టయ్యావా, కోర్టులో నడుస్తున్నదా, కొట్టేశారా అని అడుగుతుంది. ఉస్మానియాలో చదివినవాడికి ఇది చిన్న ప్రశ్న కాదు. తెలంగాణ ఉద్యమంలో, హాస్టల్ మెస్ గొడవల్లో, స్కాలర్‌షిప్పుల ధర్నాల్లో పేరు ఎక్కనివాడెవడు? ఊళ్లో అయితే అగ్రకులంవాళ్లు కొట్టినందుకు కేసు పెడితే వాళ్లు తిరిగి మనమీద పెట్టే కౌంటర్ కేసులుంటాయి. ఇక్కడ పిల్లలు చేసే తప్పు దాచడం. "లోక్ అదాలత్‌లో రాజీ అయింది గదా, రాయకపోతే ఏమైతది?" అంటారు. ఏమవుతుందంటే ఉద్యోగం పోతుంది. కేసు చిన్నదైనా సరే, దాచిన నేరం పెద్దదవుతుంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ విషయం మీద వివరంగా చెప్పింది. నిజం రాసినవాడి విషయంలో కూడా అధికారులు అతని పూర్వచరిత్ర చూసి నిర్ణయించుకోవచ్చు, నిజమే. కానీ నినాదాలివ్వడం వంటి చిన్న కేసుల్ని చిన్నవిగా చూడాలని, వయసును పరిగణించాలని కూడా ఆ తీర్పు అన్నది. అందువల్ల ఉన్నదున్నట్టు రాయాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ, కొట్టేసిన తీర్పు కాపీ జతచేయాలి. తీర్పు కాపీ కోర్టులో తీసుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఫలితాల కోసం ఆగకుండా ముందే దరఖాస్తు పెట్టాలి.

ఇన్ని దాటినాక శిక్షణ. కానిస్టేబుల్‌కు తొమ్మిది నెలలు, ఎస్సైకి ఏడాది. కానిస్టేబుళ్లను క్యాంపస్‌కు దగ్గర్లోని అంబర్‌పేట కాలేజి మొదలుకొని జిల్లాల్లోని శిక్షణ కేంద్రాలకు పంచుతారు. ఎస్సైలు, డి.ఎస్.పి.లు హిమాయత్‌సాగర్ దగ్గరి పోలీసు అకాడమీకి పోతారు. ఐ.పి.ఎస్.వాళ్లు మొదట ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు చేసి శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీకి వస్తారు. అది 1948లో మౌంట్ ఆబూలో పుట్టి 1975లో హైదరాబాదు చేరింది. దేశానికంతా ఐ.పి.ఎస్.లను తయారుచేసే చోటు మన ఊళ్లోనే ఉన్నా మన వాడలకు అది ఎంత దూరమో!

రాష్ట్ర అకాడమీకి రాజాబహదూర్ వెంకటరామారెడ్డి పేరు పెట్టారు. నిజాం కాలంలో 1920 నుంచి హైదరాబాదు కొత్వాల్‌గా చేసిన మనిషి. సమర్థుడన్న పేరుంది, కాదనను. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ రావడానికి ముఖ్య కారకుడు కూడా ఆయనే. ఒక కులం పిల్లలు పట్నంలో ఉండి చదువుకోవడానికి ఒక గది, రెండు పూటల తిండి ఉంటే వందేళ్లలో ఆ కులం ఎక్కడికి పోతుందో ఆ హాస్టల్ చరిత్ర చెప్తుంది. అదే ఏడు ఉస్మానియా యూనివర్శిటీ పుట్టింది. మనవాళ్లకు సర్కారు హాస్టళ్లు దొరికింది దశాబ్దాల తర్వాత. లాలాపేట గదుల్లో పది అడుగుల చోట అయిదుగురు పడుకునే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ తేదీలు గుర్తొస్తాయి.

శిక్షణ రెండు భాగాలు. అవుట్‌డోర్‌లో పి.టి., డ్రిల్, ఆయుధాలు, ఫైరింగు, ఆయుధం లేకుండా తలపడడం. ఇండోర్‌లో చట్టాలు, దర్యాప్తు, స్టేషన్ రికార్డులు, ఫోరెన్సిక్, కంప్యూటర్. 2024 జూలై 1 నుంచి ఐ.పి.సి., సి.ఆర్.పి.సి., సాక్ష్య చట్టం పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఆ ఏడు సెప్టెంబరులో అకాడమీ నుంచి బయటికొచ్చిన అయిదొందల పైచిలుకు ఎస్సైలు కోర్సులో ఎక్కువ భాగం పాత చట్టాలుండగా, చివరి కొద్ది భాగం కొత్తవి వచ్చాక చేసినట్టయింది. పాత సెక్షన్ల నంబర్లతో నాలుక తిరిగిన సీనియర్ రైటర్ల కంటే వీళ్లే ఆ విషయంలో నయం.

మనకు ముఖ్యమైన పాఠం వేరే. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే వేట జరిగింది. కారంచేడు రక్తం వెనకాల ఉన్నందువల్లే 1989లో ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం కింద దర్యాప్తు చేయవలసింది డి.ఎస్.పి.కి తక్కువ కాని అధికారి, 1995 రూల్స్‌లో ఏడో రూలు. కానీ డి.ఎస్.పి. ముందుకు కేసు రావాలంటే మొదట ఎఫ్.ఐ.ఆర్. పుట్టాలి. అది పుట్టేది స్టేషన్‌లో, ఎస్సై బల్ల దగ్గర. "ముందు ఎంక్వయిరీ చేద్దాం, పెద్దమనుషుల్ని పిలిపిద్దాం" అన్న మాటతోనే సగం కేసులు చస్తాయి. 2018లో సుప్రీంకోర్టు తీర్పొకటి ఆ ఎంక్వయిరీకి దారి తెరిస్తే, ఆ ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగి, ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చింది. ఎఫ్.ఐ.ఆర్.కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కొన్ని నేరాల్లో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. దాన్ని చూపించి అట్రాసిటీ ఫిర్యాదును కూడా ఆపుదామనేవాళ్లు బయల్దేరతారు. ప్రత్యేక చట్టంలో 18ఎ ఉందని, ఇతర చట్టాల మీద ఈ చట్టానిదే పైచేయి అని 20వ సెక్షన్ చెప్తుందని ట్రెయినీ ఎస్సై గుర్తుంచుకోవాలి. ఫిర్యాదు రాసుకుని చదివి వినిపించాలి, కాపీ వెంటనే ఇవ్వాలి. ఇవి చేయని ఎస్.సి., ఎస్.టి. కాని అధికారికి నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది జైలు. ఈ సెక్షన్ చదివే గంటలో క్లాసులో ఎవరు ఎవరి మొహం చూస్తారో, అక్కడ చదివొచ్చిన మిత్రుణ్ణి అడిగాను. "నా మొహమే చూసిన్రన్నా" అన్నాడు.

మనవాళ్లు ఖాకీ వేసుకుంటే అంతా మారిపోతుందని నేను అనుకోవడం లేదు. ఆ మాట చెప్పేవాళ్లతో నాకు చాలాసార్లు గొడవైంది. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో మరియమ్మ అనే దళిత మహిళ చనిపోయింది. దొంగతనం కేసులో పట్టుకొచ్చారు. తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగంలోంచి తీసేశారు. వంటమనిషి మీద దొంగతనం మోపితే నమ్మేసి కొట్టే చెయ్యి ఒక్కరోజులో తయారు కాదు. అది ఇంట్లో, బళ్లో, శిక్షణలో, స్టేషన్‌లో తయారవుతుంది. ఆ చేతిని ఆపే మనిషి ఆ గదిలో ఒకడుంటే ఆ రాత్రి ఏమయ్యేదో అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు.

మిల్లీమీటరుతో పోయిన మా తమ్ముడు 2024లో రైల్వే ప్రొటెక్షన్ ఫోర్సు కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టాడు. ఎత్తుకు బెంగలేదు, అక్కడ 160 చాలు. కానీ వాళ్ల 1600 మీటర్ల పరుగు 5 నిమిషాల 45 సెకన్లలో అయిపోవాలి. అప్పటినుంచి వాడు మిగతావాళ్ల కంటే పావుగంట ముందే మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఒకరోజు తార్నాక దగ్గర ఆగి ఫోన్ చూపించాడు, 6 నిమిషాల 10 సెకన్లు.

"ఇంక ఇరవై అయిదు సెకన్లు అన్నా," అని మళ్లీ మొదటికెళ్లి నిలబడ్డాడు.